లవంగం ఘాటు, చెక్క పొడితనం: పరిమళాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం పరిమళం గురించి ఉన్నాయి. మసాలా దినుసుల ఘాటు, చెక్క వాసన, అడుగున కాస్త తీపి ఉండి, పెట్టె మీద ‘యూనిసెక్స్’ అని రాసి ఉండే పర్ఫ్యూములు. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్ర: ఈ రకం పర్ఫ్యూముల గురించి ఎవరు చెప్పినా ‘వెచ్చగా ఉంటుంది’ అంటారు. వాసనకు వెచ్చదనం ఏమిటండీ? మాటవరసకు అంటున్నదేనా?

జ: సగం మాటవరస, సగం నిజం. మన ముక్కులో వాసన పట్టే నాడి ఒక్కటే లేదు. మంట, చల్లదనం, చురుకు తెలిపే ట్రైజెమినల్ నాడి కొసలు కూడా అక్కడే ఉన్నాయి. పుదీనాలోని మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే గ్రాహకాన్ని తడుతుంది, అందుకే గది ఎంత వేడిగా ఉన్నా మెంథాల్ చల్లగానే అనిపిస్తుంది. దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ చురుకును గుర్తించే గ్రాహకాన్ని తడుతుంది. లవంగంలోని యూజెనాల్‌దీ అలాంటి పనే. అయితే పర్ఫ్యూములో ఇవి పడేది చాలా తక్కువ కాబట్టి నిజంగా మంట పుట్టదు. ఆ కొద్దిపాటి చురుకుకు కింద వెనిల్లా, సాంబ్రాణి, టోంకా గింజల తీపి తోడైనప్పుడు మనసుకు ‘వెచ్చన’ అనే భావం కలుగుతుంది. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఆ భావం రాదు. తీపి లేని లవంగం మందు వాసన కొడుతుంది. ఘాటు లేని వెనిల్లా మిఠాయిలా ఉంటుంది.

మసాలా అనగానే అన్నీ వేడివే అనుకోవద్దు. పర్ఫ్యూమ్ తయారుచేసేవాళ్లు వీటిని రెండు గుంపులుగా చూస్తారు. లవంగం, దాల్చిన, జాజికాయ వేడి గుంపు. ఏలకులు, ధనియాలు, అల్లం, మిరియాలు చల్లని గుంపు. మిరియాలను ఇందులో చేర్చడం వింతగా అనిపించవచ్చు. మిరియం కారానికి మూలమైన పైపెరిన్ ఆవిరి కాదు, కాబట్టి ఆవిరితో దించిన మిరియాల తైలంలోకి అది రాదు. తైలంలో ఉండేది పైనీన్, లిమొనీన్, కారియోఫిలీన్ లాంటివి. అందుకే ఆ తైలం కారంగా కాక పొడిగా, చురుగ్గా, కాస్త పైన్ చెట్టు బెరడును గుర్తుచేస్తూ ఉంటుంది. ఏలకుల తైలంలో సినియోల్ ఎక్కువ, నీలగిరి తైలానికి చల్లదనమిచ్చేదీ అదే. మంచి పర్ఫ్యూములో ఈ చల్లని గుంపు ముందు పలకరిస్తుంది, వేడి గుంపు వెనక నుంచి వస్తుంది. ముందు గాలి, తర్వాత నిప్పు అన్నట్టుంటుంది ఆ క్రమం. ఒకేసారి లవంగం, దాల్చిన గుప్పుమంటే ముక్కు పది నిమిషాల్లో అలిసిపోతుంది.

ఇక చెక్కల సంగతి. సెడార్ అంటే కొత్తగా చెక్కిన పెన్సిల్ పొట్టు వాసన. పెన్సిళ్లకు వాడిన వర్జీనియా సెడార్ పేరుకే సెడార్, నిజానికి అది జూనిపర్ జాతి చెట్టు. అట్లాస్ సెడారే మన దేవదారుకు అసలైన తోబుట్టువు, అందులో కాస్త తీపి, కాస్త తోలు వాసన ఉంటాయి. గంధం పాల మీగడలా నున్నగా ఉంటుంది. వట్టివేరు ఒక గడ్డి వేరు కాబట్టి మట్టీ, పొగా రెండూ తెస్తుంది. పచౌలీ ఆకు అయినా చెక్కల్లోనే లెక్క. ఊద్ అంటే అక్విలేరియా చెట్టుకు బూజు సోకినప్పుడు ఆ చెట్టు తనను కాపాడుకోవడానికి చెక్కలో నింపుకునే జిగురు, సోకని చెట్టు చెక్కకు ఆ పరిమళం ఉండదు.

పెట్టె మీద కనిపించే ‘ఆంబర్’ గురించి కూడా ఒక మాట. ఆ పేరుతో ఒక చెట్టో పువ్వో లేదు. లాబ్డానమ్ అనే జిగురు, వెనిల్లా, సాంబ్రాణి కలిపి కట్టిన పొందిక అది. నగల్లో పొదిగే ఆంబర్ రాయికీ, తిమింగలం నుంచి వచ్చే ఆంబర్‌గ్రిస్‌కూ దీనితో సంబంధం లేదు.

ప్ర: మా వారు, నేను ఒకే సీసా వాడుతున్నాం. ఆయన ఒంటి మీద పొడిగా, పొగలా ఉంటుంది. నా ఒంటి మీద తియ్యగా వస్తుంది. యూనిసెక్స్ అంటే ఇద్దరికీ ఒకేలా ఉండాలి కదా?

జ: యూనిసెక్స్ అంటే ఇద్దరి మీదా ఒకేలా ఉంటుందని కాదు, ఇద్దరిలో ఎవరి కోసమూ విడిగా కట్టలేదని. మీకు కనిపిస్తున్న తేడా ఆడా మగా తేడా వల్ల రాదు. చర్మం పొడిదనం, జిడ్డు, వేడి, రోమాలు, ముందు రాసుకున్న క్రీము, ఇవే కారణాలు. పొడి చర్మం మీద పర్ఫ్యూమ్ పైపొరలు, అంటే ముందుగా తెలిసే తేలిక వాసనలు, త్వరగా ఎగిరిపోయి అడుగున ఉన్న చెక్క ముందే బయటపడుతుంది. నూనె పట్టిన చర్మం పైపొరలను కాసేపు పట్టి ఉంచుతుంది, తీపి నిలుస్తుంది. ఒకరోజు ఇద్దరూ ముంజేతికి వాసన లేని ఒకే లోషన్ రాసుకుని, పది నిమిషాలాగి ఒక్కొక్క స్ప్రే కొట్టుకుని చూడండి. తేడా చాలావరకు తగ్గుతుంది.

మగ సెంటు, ఆడ సెంటు అన్న గీత కూడా మరీ పాతది కాదు. 1889లో గెర్లాన్ కంపెనీ విడుదల చేసిన ‘జికీ’లో లావెండర్, వెనిల్లా కలిసి ఉన్నాయి, దాన్ని ఆడవాళ్లూ మగవాళ్లూ వాడారు. గీత గట్టిపడిన తర్వాత దాన్ని చెరిపిన ప్రయత్నాల్లో చెక్క వాసనలకు పెద్ద పాత్ర ఉంది. అప్పటిదాకా మగవాళ్ల సరుకుగా చూసిన సెడార్‌ను 1992లో షిసైడో ‘ఫెమినితే ద్యూ బ్వా’ ఆడవాళ్ల పరిమళానికి నడిమధ్య పెట్టింది. 1994లో వచ్చిన ‘సీకే వన్’ యూనిసెక్స్ అన్న మాటను ఇంటింటికీ చేర్చింది, కానీ అది నిమ్మజాతి తాజాదనం ఉన్న పర్ఫ్యూమ్. అదే ఏడాది కామ్ దె గార్సాన్ తెచ్చిన తొలి పర్ఫ్యూమ్ ఏలకులు, లవంగం, దాల్చిన, సెడార్, గంధం మీద నిలబడింది. మీ ప్రశ్నలోని రకానికి అసలు దగ్గరి చుట్టం అదే.

ఈ రకం ఎవరికీ ప్రత్యేకం కాకుండా ఉండడానికి మరో కారణం అందులో లేనివి. మల్లె, ట్యూబ్‌రోజ్ లాంటి తెల్లపూలు ఎక్కువైతే మనం ‘ఆడవాళ్లది’ అనేస్తాం. లావెండర్, జెరానియం, నాచు కలిసి షేవింగ్ క్రీమును తలపిస్తే ‘మగవాళ్లది’ అంటాం. చెక్క–మసాలా పొందికలో ఈ రెండు గుర్తులూ ఉండవు.

ప్ర: షాపులో అట్టముక్క మీద అద్భుతంగా ఉందని కొన్నాను. ఇంట్లో వేసుకున్నాక మూడో గంటకు రంపపు పొట్టు వాసన తప్ప ఏమీ లేదు. మోసపోయానా?

జ: మోసమేమీ లేదు. మీరు కొన్నది మొదటి పది నిమిషాలను చూసి. ఈ రకం పర్ఫ్యూమ్‌ను మూడో గంటలో చూసి కొనాలి.

బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు, ఏలకులు, మిరియాల్లోని తేలిక అణువులు పావుగంట నుంచి అరగంట లోపు చాలావరకు ఎగిరిపోతాయి. లవంగం, జాజికాయ, కాస్త గులాబీ ఉంటే అవి మరో రెండు మూడు గంటలు నిలుస్తాయి. ఆ తర్వాత మిగిలే చెక్క, జిగురు, మస్క్ (కస్తూరి లాంటి వాసన)లతోనే మీరు రోజంతా గడపాలి. అట్టముక్కకు ఒంటి వేడి లేదు కాబట్టి పైపొర దాని మీద ఎక్కువసేపు నిలబడి ఆశపెడుతుంది.

ఈసారి ఇలా చేయండి. అట్టముక్కను పదిహేను సెంటీమీటర్ల దూరంలో పట్టి ఒక్క స్ప్రే కొట్టి, స్పిరిట్ ఆరడానికి అరనిమిషం ఆగండి. ముక్కుకు ఆనించకుండా రెండు అంగుళాల దూరంలో పెట్టి చిన్న చిన్న శ్వాసలతో చూడండి. ఒక్క పూటకు నాలుగు ముక్కలు మించొద్దు. పేరు, సమయం ముక్క మీదే రాసుకోండి. వాటిలో నచ్చిన రెండింటిని మాత్రమే చెరో ముంజేతి మీద వేసుకుని బయటికి వచ్చేయండి. పది నిమిషాలకు, గంటకు, మూడు గంటలకు, ఆరు గంటలకు చూడండి. మణికట్లు ఒకదానితో ఒకటి రుద్దొద్దు, రాపిడి వేడికి పైపొర ఇంకా తొందరగా పోతుంది. మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేటపడుతుందంటారు, కానీ మామూలు గాలి చేసే పని కంటే అవి ఎక్కువ చేయవు. ఏ సెంటూ పడని మీ చొక్కా చేతిని వాసన చూసుకుంటే చాలు.

రంపపు పొట్టు సంగతికి వస్తే, అది రెండు రకాలు. ఐసో ఈ సూపర్ అనే కృత్రిమ అణువు ఇచ్చే పొడితనం మెత్తగా ఉంటుంది, మఖమల్ గుడ్డ మీద చెక్కపొడి చల్లినట్టు. రెండోది ‘వుడీ ఆంబర్’ అని పిలిచే గట్టి అణువులది. కరనాల్, నార్లింబనాల్ ఆ జాతివి. కొన్ని ముక్కులకు ఇవి సూదితో గుచ్చినట్టు, స్పిరిట్ ఇంకా ఆరనట్టు అనిపిస్తాయి. మీకు కనిపించింది ఈ రెండోదైతే, అలవాటవుతుందిలే అని ఎదురుచూడకండి. అది రాత్రికీ, మర్నాటికీ అలాగే ఉంటుంది. మొదటిదైతే మాత్రం చర్మానికి కాక కండువా మీద వేసి చూడండి. గుడ్డ మీద మసాలా ఎక్కువసేపు నిలిచి, చెక్క ఒంటరిగా మిగలదు.

ప్ర: అరగంటకే నాకు వాసన తెలియడం లేదు. పక్కవాళ్లు మాత్రం బాగా వస్తోందంటున్నారు. మళ్లీ కొట్టుకోనా?

జ: వద్దు. ఎడతెగక వస్తున్న వాసనను ముక్కు కొంతసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. చెక్క, మస్క్ వాసనల్లో పెద్ద అణువులు ఎక్కువ, ఆ ఇబ్బందీ వాటితోనే ఎక్కువ. కొందరికి ఫలానా మస్క్ అణువు పుట్టుకతోనే తెలియదు, మిగతా వాసనలన్నీ బాగానే తెలుస్తాయి. 2006లో వచ్చిన ‘మాలిక్యూల్ 01’ అనే పర్ఫ్యూములో పరిమళ పదార్థం ఒక్క ఐసో ఈ సూపరే. వేసుకున్నవాళ్లకు అది కాసేపు మాయమై మళ్లీ పలకరించడం మామూలు.

మెడ మీద కాకుండా పొట్ట మీద, మోచేతి మడతలో వేసుకోండి. ముక్కుకు దూరమైన కొద్దీ అలసట తగ్గుతుంది. పావుగంట ఆరుబయట తిరిగి గదిలోకి వస్తే మీకే తెలుస్తుంది ఎంత ఉందో. ఒక స్ప్రేకు సుమారు 0.1 మిల్లీలీటరు పడుతుంది. ఈ రకానికి రెండు స్ప్రేలు చాలు. మూసి ఉన్న గదిలో, ఎండాకాలంలో ఒక్కటే.

ప్ర: ఒకే పేరుతో ఓ ద తొయ్‌లెత్, ఓ ద పర్ఫ్యూమ్ ఉన్నాయి. రెండోది మొదటిదానికే చిక్కని రూపమా?

జ: కాదు. ఓ ద తొయ్‌లెత్‌లో సుమారు 5–15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్‌లో సుమారు 15–20 శాతం పరిమళ ద్రవ్యం ఉంటుందనేది వాడుకే కానీ కచ్చితమైన కొలత కాదు. చాలాసార్లు ఫార్ములానే మారుస్తారు. మొదటిదానిలో ఏలకులు, మిరియాలు ముందుంటే, రెండోదానిలో వెనిల్లా, జిగుర్లు పెరుగుతాయి. రెండింటినీ వేర్వేరు పర్ఫ్యూములనుకుని విడివిడిగా చూడండి.

ప్ర: గంధం తైలం వాసన నాకు బాగా తెలుసు. గంధం అని రాసిన పర్ఫ్యూముల్లో ఆ వాసన ఉండడం లేదు. ఎందుకు?

జ: పెట్టె మీద రాసే ‘నోట్స్’ పదార్థాల జాబితా కాదు, అది మీకు కలగాల్సిన అనుభూతి జాబితా. శాంటలమ్ ఆల్బమ్ చెట్టులో తైలం చేవలోనే ఉంటుంది, చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ చెట్టును ముప్పులో ఉన్న జాతిగా లెక్కించింది. నిజమైన తైలంలో ఆల్ఫా శాంటలాల్ 41–55 శాతం, బీటా శాంటలాల్ 16–24 శాతం ఉండాలని ఐఎస్ఓ ప్రమాణం. ఆ నున్నదనం, పాలతనం వీటివల్లే.

దాని బదులు వాడే జావనాల్, పాలీశాంటాల్, ఎబనాల్ లాంటి కృత్రిమ అణువులు ఇంకా గట్టిగా వినిపిస్తాయి. గులాబీ ఛాయ, లోహపు మెరుపు ఉంటాయి కానీ ఆ పాలతనం పూర్తిగా రాదు. ఆస్ట్రేలియా గంధం వేరే జాతి, ఇంకాస్త పొడి. ఇవి తక్కువ రకమని అనలేం. లవంగం పక్కన అసలు గంధం ఒక్కోసారి అణిగిపోతుంది, జావనాల్ నిలబడుతుంది. కానీ మీరు వెతుకుతున్నది ఆ మీగడ వాసనే అయితే, మసాలా తక్కువగా ఉన్నవాటిలో వెతకండి.

ప్ర: మెడ మీద వేసుకున్నచోట ఎర్రగా కంది, దురద పెడుతోంది. మసాలా వల్లనా?

జ: అయ్యుండవచ్చు, వెంటనే ఆపండి. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో యూజెనాల్, ఐసోయూజెనాల్, సిన్నమాల్ (సిన్నమాల్డిహైడ్‌కే మరో పేరు), లిమొనీన్, లినలూల్ అనే పేర్లు ఉన్నాయేమో చూడండి. ఒంటి మీదే ఉండిపోయే ఉత్పత్తుల్లో ఇలాంటివి 0.001 శాతం దాటితే పేరు రాయాలని యూరోపియన్ యూనియన్ నిబంధన. అప్పటిదాకా 26గా ఉన్న ఆ జాబితాను 2023లో ఎనభైకి పైగా పెంచారు. చర్మవైద్యులు చేసే ప్యాచ్ పరీక్షలో ‘ఫ్రాగ్రెన్స్ మిక్స్’ అనే భాగం ఉంటుంది, లవంగం, దాల్చిన అణువులు అందులోనే ఉన్నాయి. ఒకసారి పట్టుకున్న అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది కాబట్టి, ఏ అణువో తేల్చుకుంటే తర్వాత పెట్టె చదివి కొనుక్కోవచ్చు.

కొత్త పర్ఫ్యూమ్ ఏదైనా మోచేతి మడతలో ఒకేచోట రోజుకు రెండుసార్లు, వారం పాటు కొద్దిగా వేసి చూసి, ఏమీ కాకపోతేనే మిగతాచోట్ల వాడండి. గడ్డం గీసిన వెంటనే చర్మం మీద వేయొద్దు.

ప్ర: తెల్ల చొక్కా మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. సీసాలోని ద్రవం కూడా ముదురు రంగుకు మారింది. పాడైందా?

జ: మరకకు ముఖ్య కారణం వెనిల్లాలోని వెనిలిన్. గాలి, వెలుతురు తగిలితే అది గోధుమరంగుకు తిరుగుతుంది. యూజెనాల్, జిగుర్లు కూడా రంగుకు తోడవుతాయి. తెల్లబట్ట మీద నేరుగా కొట్టకండి. ఒంటికి వేసుకుని రెండు నిమిషాలు ఆరాక చొక్కా తొడగండి, లేదా ముదురు రంగు గుడ్డ లోపలి వైపు ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. మరక పడితే ఇస్త్రీకి ముందే ఉతకాలి, వేడి తగిలితే అది పాతుకుపోతుంది.

సీసాలో రంగు ముదిరినంత మాత్రాన పాడైనట్టు కాదు. వెనిల్లా ఉన్నవన్నీ ఏళ్ల మీద అలా ముదురుతాయి. పాడైందో లేదో మొదటి అరనిమిషం చెబుతుంది. పుల్లగా, గోళ్ల రంగులా, పాత నూనెలా ఉంటే పైపొరలోని నిమ్మజాతి అణువులు గాలికి చెడినట్టు. అవి చెడితే చర్మానికీ పడవు. చెక్కలు, జిగుర్లు గట్టివి, అందుకే ఈ రకం మిగతావాటి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. స్నానాలగదిలో కాకుండా చల్లని, చీకటి అరలో, మూత బిగించి ఉంచండి.

ప్ర: ఇలాంటిది ఇంట్లో తయారుచేయాలని ఉంది. కొలతలు చెబుతారా?

జ: తప్పక. ముందు 0.01 గ్రాము చూపే తూకం కొనండి. చుక్కలతో కొలవొద్దు, వట్టివేరు చుక్కా ఏలకుల చుక్కా ఒకే బరువుండవు. స్పిరిట్ 95 శాతానికి తక్కువ కాని, పర్ఫ్యూమ్‌కు పనికొచ్చే ఇథనాల్ అయ్యుండాలి. గాయాలకు వాడే స్పిరిట్‌లో నీళ్లు, వేరే ద్రవ్యాలు ఉంటాయి, కలిపితే తెల్లబడుతుంది. మిథనాల్ కలిసిన పారిశ్రామిక స్పిరిట్ ఒంటికి ప్రమాదం.

ముందుగా ఒక గ్రాము లవంగ తైలాన్ని తొమ్మిది గ్రాముల ఇథనాల్‌లో కలిపి పెట్టుకోండి. ఇప్పుడు పది గ్రాముల పర్ఫ్యూమ్‌కు: వర్జీనియా సెడార్ 0.50 గ్రా., గంధం 0.30, సగానికి పలుచన చేసిన సాంబ్రాణి జిగురు, అంటే బెంజాయిన్ 0.20, మిరియాలు 0.12, లవంగం ద్రావణం 0.10, వట్టివేరు 0.08, బెర్గాప్టీన్ తీసేసిన బెర్గమాట్ 0.08, ఏలకులు 0.06, పచౌలీ 0.06. మొత్తం ఒకటిన్నర గ్రాములు. బెర్గాప్టీన్ ఉన్న మామూలు బెర్గమాట్ వేసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలుతుంది, అందుకే ఆ షరతు. దాల్చినబెరడు తైలం మాత్రం వద్దు. కొలతలో చిన్న పొరపాటు జరిగినా చర్మం మీద మంట పెడుతుంది.

బరువైనవి ముందు, తేలికవి చివర పోయండి. వట్టివేరు కదలకపోతే దాని సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. ఈ సారాన్ని మూతబిగించి వారం, ఆ తర్వాత 8.50 గ్రాముల ఇథనాల్ కలిపి నాలుగు వారాలు చీకట్లో ఉంచండి. మొదటిరోజు వాసన విడివిడిగా, మొరటుగా ఉంటుంది, దాన్ని చూసి ఏదీ కలపొద్దు. చివర ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, అడుగున పేరుకున్నది కాగితంతో వడకట్టండి. పని చేసేచోట మంట ఉండకూడదు.

తేడా వస్తే ఇలా సరిచేయండి. పంటి డాక్టరు గది వాసన వస్తే లవంగం ఎక్కువైంది, పంటి మందుల్లో వాడేదీ యూజెనాలే. ద్రావణాన్ని 0.05కు తగ్గించండి. నొప్పుల బామ్‌లా ఉంటే ఏలకులు తగ్గించండి. తడిమట్టి మూసుకొచ్చినట్టుంటే పచౌలీని సగం చేయండి. అన్నీ ఉన్నా వెచ్చదనం రాకపోతే మసాలా పెంచకండి. సాంబ్రాణిని 0.30 చేసి, ఆ పెరిగిన 0.10ను సెడార్ నుంచి తగ్గించండి.